బిడ్డను ఎవరు చూడాలి?

పాఠ్యభాగ ఉద్దేశం: పనికి పోయే తల్లిదండ్రుల సంపాదనకూ, పసిబిడ్డల సంరక్షణకూ ఉన్న సంబంధాన్ని బ్రిటన్ దేశపు అనుభవం ఆధారంగా వివరించడం; ప్రభుత్వ లెక్కలలో స్వల్పంగా కనిపించే కోత ఒక కుటుంబపు లెక్కలో ఎంత పెద్దదవుతుందో విద్యార్థులకు తెలియజేయడం.

కూలికి పోయే తల్లి అయినా, కార్యాలయానికి వెళ్ళే తల్లి అయినా ఇల్లు కదిలే ముందు ఒక ప్రశ్నకు సమాధానం వెదుక్కోవలసిందే. బిడ్డను ఎవరు చూడాలి? ఉమ్మడి కుటుంబాలలో ఈ ప్రశ్న అంతగా తలెత్తేది కాదు. అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, తోటికోడలు, చివరకు పొరుగింటి ముసలమ్మ – ఎవరో ఒకరు బిడ్డను ఎత్తుకొనేవారు. నాట్లకు పోయిన తల్లి చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, పెద్దపిల్లను కాపలా ఉంచేది. ఆ చేతుల శ్రమకు వెల కట్టినవారు లేరు. అందువల్ల అది శ్రమ అనే సంగతి కూడా లోకానికి తోచలేదు.

కుటుంబాలు చిన్నవై, బ్రతుకుతెరువు కోసం జనం పట్టణాలకు తరలిన తరువాత పరిస్థితి మారింది. బిడ్డను చూసే చేతులకు వెల చెల్లించవలసి వచ్చింది. ఆ వెల తల్లి సంపాదనలో కొద్ది భాగమైతే ఆమె పనికి పోతుంది. సంపాదననంతా మింగివేసేదైతే ఇంట్లో ఉండిపోతుంది. ఈ రెండింటి నడుమ నిలిచి, ఆ వెలలో కొంత భరించేది ప్రభుత్వం. ప్రభుత్వం తన చేతిని వెనుకకు తీసుకొన్నప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి బ్రిటన్ అనుభవం చక్కని పాఠం.

బ్రిటన్‌ను సంక్షేమ రాజ్యమని పిలుస్తారు. ప్రజలు జబ్బుపడినప్పుడు, పని కోల్పోయినప్పుడు, వృద్ధులైనప్పుడు వారిని ఆదుకోవడం రాజ్యం బాధ్యత అనే భావన అక్కడ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బలపడింది. 1942లో విలియం బెవరిడ్జ్ సమర్పించిన నివేదిక దీనికి పునాది. అంతకు ముందు నుండే ఎలినార్ రాత్‌బోన్ అనే మహిళ, పిల్లల పెంపకానికయ్యే ఖర్చులో సమాజం పాలుపంచుకోవాలనీ, ఆ సొమ్ము తల్లి చేతికే అందాలనీ ఏళ్ళ తరబడి పోరాడింది. ఆమె కృషి ఫలితంగా 1945లో కుటుంబ భృతి చట్టం వచ్చింది. 1946 నుండి రెండవ బిడ్డ మొదలుకొని ఒక్కొక్క బిడ్డకు వారానికి 5 షిల్లింగులు చెల్లించసాగారు. 1977 నుండి దాని స్థానంలో మొదటి బిడ్డకు కూడా వర్తించే చైల్డ్ బెనిఫిట్ అనే శిశుభృతి క్రమంగా అమలులోకి వచ్చింది.

ఆ యుద్ధకాలమే మరొక సత్యాన్ని కూడా చాటింది. పురుషులు యుద్ధభూమికి తరలిపోగా కర్మాగారాలు నడపడానికి స్త్రీల అవసరం ఏర్పడింది. పసిబిడ్డల తల్లులు పనికి రావాలంటే బిడ్డలను చూసే చోటు కావాలి. ప్రభుత్వం వెయ్యికి పైగా శిశు సంరక్షణాలయాలను తెరిచింది. వీటిని అక్కడ నర్సరీలు అంటారు. యుద్ధం ముగిసి పురుషులు తిరిగి రాగానే వాటిలో అనేకం మూతపడ్డాయి. తల్లుల శ్రమ దేశానికి అవసరమైనప్పుడు సొమ్ము దొరికింది. ఆ అవసరం తీరిందనుకొన్నప్పుడు సొమ్ము కరువైంది. శిశు సంరక్షణకూ, తల్లి ఉద్యోగానికీ ఉన్న ముడి ఎంత గట్టిదో ఈ ఒక్క సంఘటన తెలుపుతుంది.

నర్సరీలో బిడ్డను ఉంచడానికి అంత ఖర్చు ఎందుకవుతుందన్న సందేహం కలగడం సహజం. దీనికి కారణం సులభంగానే బోధపడుతుంది. బడిలో ఒక ఉపాధ్యాయుడు ముప్పైమందికి పాఠం చెప్పగలడు. పసిబిడ్డల విషయంలో అది సాధ్యం కాదు. ఇంగ్లండు నిబంధనల ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలు ముగ్గురికి ఒక సంరక్షకురాలు ఉండి తీరాలి. రెండేళ్ళ వయస్సు పిల్లలు నలుగురికి ఒకరు చొప్పున ఉండాలన్న నియమాన్ని 2023లో అయిదుగురికి ఒకరుగా సడలించారు. అంటే ఒక సంరక్షకురాలి జీతాన్నీ, భవనపు అద్దెనూ, తిండి ఖర్చునూ ముగ్గురు నలుగురు పిల్లల తల్లిదండ్రులే పంచుకోవాలి. యంత్రాలు పెట్టి ఈ ఖర్చును తగ్గించలేము. ఏడ్చే బిడ్డను ఓదార్చే యంత్రం లేదు. ఇంత రుసుము వసూలు చేసినా ఆ సంరక్షకురాళ్ళ జీతాలు స్వల్పమే. పరుల బిడ్డలను సాకే ఆ స్త్రీ తన బిడ్డను అదే నర్సరీలో చేర్చాలంటే ఆమె జీతంలో అధిక భాగం రుసుముకే సరిపోతుంది.

ఈ భారాన్ని తగ్గించడానికి బ్రిటన్ ప్రభుత్వం 1999లో ఒక మార్గం కనుగొన్నది. తక్కువ ఆదాయం గల శ్రామిక కుటుంబాలకు పన్ను రాయితీ రూపంలో సహాయం అందిస్తూ, అందులో భాగంగా నర్సరీ రుసుములో నూటికి 70 వంతుల వరకు తానే భరించింది. 2003లో ఈ పథకం వర్కింగ్ టాక్స్ క్రెడిట్ అనే పేరుతో కొత్త రూపం దాల్చింది. 2006లో ప్రభుత్వ వాటా 80 శాతానికి పెరిగింది. ఒంటరి తల్లులకు ఈ సహాయం కొండంత అండ అయింది. పని చేస్తే ఇల్లు గడుస్తుందనే ధైర్యం వారికి కలిగింది.

2008లో ప్రపంచాన్ని ఆర్థిక సంక్షోభం కుదిపివేసింది. బ్యాంకులను నిలబెట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం పెద్దమొత్తంలో ధనం వెచ్చించింది. పన్నుల రాబడి తగ్గింది. ప్రభుత్వ ఆదాయానికీ, వ్యయానికీ మధ్య అంతరం, అంటే ద్రవ్యలోటు, పెచ్చు పెరిగింది. 2010లో అధికారంలోకి వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం పొదుపు విధానాన్ని చేపట్టింది. ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఆ ఏడాది అక్టోబరులో ప్రకటించిన వ్యయ సమీక్షలో సంక్షేమ పథకాల కోతలు ప్రధానస్థానం పొందాయి. నర్సరీ రుసుములో ప్రభుత్వ వాటాను 2011 ఏప్రిల్ నుండి 80 శాతం నుండి తిరిగి 70 శాతానికి తగ్గించడం వాటిలో ఒకటి.

పదిశాతం తగ్గింపు పైకి చూస్తే చిన్నది. ఒక కుటుంబం లెక్కలో అది ఎంతవుతుందో చూడాలి. పూర్తి సహాయానికి అర్హురాలైన ఒక తల్లి తన బిడ్డ కోసం నర్సరీకి వారానికి 150 పౌన్లు చెల్లిస్తున్నదనుకొందాం. 80 శాతం లెక్కన ప్రభుత్వం 120 పౌన్లు ఇస్తుంది. ఆమె చేతి నుండి పడేది 30 పౌన్లు. 70 శాతం లెక్కన ప్రభుత్వం 105 పౌన్లే ఇస్తుంది. ఆమె 45 పౌన్లు పెట్టుకోవాలి. ప్రభుత్వం తన వాటాలో తగ్గించుకొన్నది ఎనిమిదో వంతు. తల్లి వాటా మాత్రం సగానికి సగం పెరిగింది. ఏడాదికి ఆ భారం 780 పౌన్లు. ఇద్దరు పిల్లలుండి పథకం అనుమతించిన గరిష్ఠ రుసుము 300 పౌన్లు చెల్లించే కుటుంబానికి వారానికి 30 పౌన్లు, ఏడాదికి 1,560 పౌన్లు నష్టం. శాతాలు ఒకటే అయినా వాటిని ఎవరి వైపు నుండి చూస్తున్నామన్నదానిని బట్టి అర్థం మారుతుంది.

గరిష్ఠ పరిమితి సంగతి మరింత గమనింపదగినది. ఒక బిడ్డకు వారానికి 175 పౌన్లు, ఇద్దరు లేక అంతకు మించిన పిల్లలకు 300 పౌన్లు అని 2005లో నిర్ణయించారు. ఆ పథకం 2025 ఏప్రిల్‌లో పూర్తిగా ముగిసేవరకు, అంటే ఇరవై సంవత్సరాలపాటు ఆ అంకెలు మారలేదు. నర్సరీ రుసుములు మాత్రం ఏటేటా పెరుగుతూనే వచ్చాయి. పరిమితికి మించిన ప్రతి పౌనూ కుటుంబమే భరించాలి. ఎవరూ కోత అని ప్రకటించకుండానే జరిగిపోయిన కోత ఇది. శిశుభృతి విషయంలోనూ ఇదే జరిగింది. మొదటి బిడ్డకు వారానికి 20 పౌన్ల 30 పెన్నీలు, తరువాతి బిడ్డలకు 13 పౌన్ల 40 పెన్నీలు చొప్పున ఉన్న భృతిని 2011 నుండి మూడేళ్ళపాటు పెంచకుండా ఉంచారు. 2016 నుండి మరి నాలుగేళ్ళు అట్లే స్తంభింపజేశారు. ధరలు పెరుగుతుండగా భృతి పెరగకపోతే అది తరిగిపోయినట్లే.

గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు 2012 ఏప్రిల్‌లో మరొక మార్పు వచ్చింది. అంతవరకు పిల్లలు గల దంపతులలో ఒకరు వారానికి 16 గంటలు పనిచేస్తే వర్కింగ్ టాక్స్ క్రెడిట్ లభించేది. కొత్త నియమం ప్రకారం ఇద్దరూ కలిసి 24 గంటలు పనిచేయాలి. అదనపు పనిగంటలు ఇవ్వడం, ఇవ్వకపోవడం యజమాని ఇష్టం. పని దొరకని కాలంలో గంటలు పెంచుకోలేని కుటుంబాలు తమ తప్పు లేకుండానే సహాయాన్ని కోల్పోయాయి.

ఎక్కువ పనిచేసి ఈ లోటును పూడ్చుకోవచ్చు కదా అనే ప్రశ్న రావచ్చు. ఇక్కడొక చిక్కు ఉన్నది. ఆదాయం పెరిగిన కొద్దీ సహాయం తగ్గుతుంది. 2011–12 నిబంధనల ప్రకారం సంపాదించిన ప్రతి అదనపు పౌనుకు, అంటే 100 పెన్నీలకు, 41 పెన్నీల సహాయం తగ్గేది. ఆదాయపు పన్ను 20 పెన్నీలు, జాతీయ బీమా చందా 12 పెన్నీలు పోయేవి. ఇవన్నీ వర్తించే కుటుంబానికి అదనపు పౌనులో మిగిలేది 27 పెన్నీలు. ఆ అదనపు గంటలలో బిడ్డను చూసినందుకు నర్సరీకి చెల్లించవలసిన సొమ్ము ఈ 27 పెన్నీలలో నుండే రావాలి. చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఇటువంటి స్థితిలో తల్లి పని మానుకొంటే దానిని సోమరితనమనడం న్యాయం కాదు. ఆమె వేసుకొన్న లెక్క తప్పు కాదు. ఆ లెక్కను అట్లా తయారుచేసిన నిబంధనలలో లోపం ఉన్నది.

ప్రభుత్వం పక్షాన వాదన లేకపోలేదు. అప్పులు పెరిగితే వడ్డీలు పెరుగుతాయి. ఆ భారం రేపటి తరంపై పడుతుంది. సహాయం పొందని సామాన్య కుటుంబం కూడా తన ఆదాయాన్ని బట్టే పిల్లలను కంటుంది, పెంచుతుంది. ఆ కుటుంబం కట్టే పన్నులతో ఇతరులకు అపరిమితంగా సహాయం చేయడం తగదు. పనికంటె భృతి లాభసాటిగా ఉండరాదు. ఈ వాదనలో బలమున్నది. అయితే నర్సరీ సహాయం విషయంలో ఇది పూర్తిగా అన్వయించదు. ఆ సహాయం పని మానినవారికి ఇచ్చేది కాదు. పనికి పోయేవారు పోగలగడానికి ఇచ్చేది. దానిని తగ్గిస్తే తల్లి పని మానవచ్చు. అప్పుడు ఆమె కట్టే పన్ను ప్రభుత్వానికి రాదు; పైగా ఆ కుటుంబానికి ఇతర భృతులు చెల్లించవలసి రావచ్చు. ఒక పద్దులో మిగిలిన సొమ్ము మరొక పద్దులో ఖర్చవుతుంది.

ఆ నష్టం అంతటితో ఆగదు. మూడు నాలుగేళ్ళు పని మానిన స్త్రీ తిరిగి పాత ఉద్యోగంలో చేరడం కష్టం. చేరినా జీతంలో, పదోన్నతిలో వెనుకబడిపోతుంది. ఆ వెనుకబాటు పింఛను వరకు వెంటాడుతుంది. బిడ్డ నర్సరీ అవసరం కొన్నేళ్ళే. తల్లి నష్టం జీవితకాలమంతా.

తరువాతి కాలంలో బ్రిటన్ విధానాలు రెండు విధాలుగా నడిచాయి. ఒకవైపు కోతలు కొనసాగాయి. 2017 ఏప్రిల్ తరువాత పుట్టిన మూడవ బిడ్డకూ, ఆ పై బిడ్డలకూ అదనపు సహాయం నిలిపివేస్తూ ఇద్దరు పిల్లల పరిమితి విధించారు. ఎనిమిదేళ్ళ వాదోపవాదాల అనంతరం, 2026 ఏప్రిల్ నుండి దీనిని తొలగిస్తామని 2025 నవంబరు బడ్జెట్టులో ప్రకటించారు. మరొకవైపు శిశు సంరక్షణకు సహాయం పెరిగింది. 2017 సెప్టెంబరు నుండి ఇంగ్లండులో తల్లిదండ్రులు పనిచేసే కుటుంబాలలోని మూడు, నాలుగేళ్ళ పిల్లలకు బడి నడిచే వారాలలో వారానికి 30 గంటల సంరక్షణ ఉచితమయింది. 2025 సెప్టెంబరు నాటికి తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు కూడా దీనిని విస్తరించారు. ప్రభుత్వం చెల్లించే సొమ్ము తమ ఖర్చుకు సరిపోవడం లేదని నర్సరీల నిర్వాహకులు ఫిర్యాదు చేస్తూనే ఉన్నా, చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట.

పాత సహాయాలలో కొన్నింటిని కలిపి తెచ్చిన యూనివర్సల్ క్రెడిట్ పథకం మరొక పాఠం నేర్పింది. ఇందులో 2016 నుండి నర్సరీ రుసుములో 85 శాతం వరకు ప్రభుత్వం భరిస్తుంది. అంకెను చూస్తే పాతదానికంటె మెరుగే. కాని తల్లి ముందుగా మొత్తం రుసుము చెల్లించి, రసీదు చూపితేనే ఆ సొమ్ము తిరిగి వచ్చేది. నర్సరీలు నెల రుసుమును ముందే అడుగుతాయి. కొత్తగా పనిలో చేరిన తల్లికి మొదటి జీతం నెల తరువాత గాని రాదు. జీతం రావాలంటే పనికి పోవాలి. పనికి పోవాలంటే రుసుము కట్టాలి. రుసుము కట్టాలంటే జీతం రావాలి. అడకత్తెరలో పోకచెక్క వంటి ఈ స్థితిలో అప్పుల పాలై, పనిగంటలు తగ్గించుకోవలసి వచ్చిన ఒక ఒంటరి తల్లి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2021 జనవరిలో హైకోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఆమె వ్యాజ్యం ఓడినా ఆమె లేవనెత్తిన సమస్య మరుగున పడలేదు. 2023 జూన్ చివరి నుండి పనిలో చేరేవారికీ, పనిగంటలు పెంచుకొనేవారికీ మొదటి రుసుమును ముందుగానే అందించే ఏర్పాటు జరిగింది. గరిష్ఠ పరిమితిని కూడా ఒక బిడ్డకు నెలకు సుమారు 646 పౌన్ల నుండి 951 పౌన్లకు పెంచారు. సహాయం ఎంత అన్నదానితోపాటు ఎప్పుడు అందుతుందన్నది కూడా పేదవారికి ముఖ్యమని దీనివల్ల తెలుస్తున్నది.

ఇన్ని మార్పుల తరువాత కూడా బ్రిటన్‌లో 2023–24 నాటికి సుమారు 45 లక్షల మంది పిల్లలు పేదరికంలో ఉన్నట్లు ప్రభుత్వ లెక్కలే తెలిపాయి. వారిలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురి ఇళ్ళలో కనీసం ఒకరు పనిచేస్తున్నవారే. పని ఉంటే పేదరికం ఉండదన్న నమ్మకాన్ని ఈ అంకెలు ప్రశ్నిస్తున్నాయి.

ఈ సమస్యను వేరొక విధంగా పరిష్కరించిన దేశాలు ఉన్నాయి. స్వీడన్ 2002లో రుసుముపై పరిమితి విధించింది. మొదటి బిడ్డ సంరక్షణకు కుటుంబం తన ఆదాయంలో 3 శాతానికి మించి చెల్లించనవసరం లేదని నిర్ణయించింది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు 5 డాలర్ల రుసుముతో సంరక్షణ ప్రారంభించింది. తరువాత ఆ రుసుము పెరిగినా, అక్కడ పనికి వెళ్ళే తల్లుల సంఖ్య గణనీయంగా అధికమయింది.

బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసుకొంటున్న తెలుగువారికి కూడా ఈ ప్రశ్న కొత్తది కాదు. తాత్కాలిక అనుమతిపై నివసించేవారిలో అధికులకు అక్కడి సంక్షేమ భృతులు వర్తించవు. అందుకే ఆంధ్రప్రదేశ్ నుండో, తెలంగాణ నుండో అమ్మమ్మనో నాయనమ్మనో ఆరునెలలపాటు రప్పించుకోవడం అనేక కుటుంబాలలో కనిపిస్తుంది. ఆమె తిరిగి వెళ్ళిన నాడు మళ్ళీ అదే ప్రశ్న ఎదురవుతుంది.

మన దేశంలోనూ ఈ దిశగా ప్రయత్నాలు జరిగాయి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీలను ఊరూరికీ తెచ్చింది. అయితే అంగన్‌వాడీ నడిచేది కొద్ది గంటలే. కూలితల్లి పనిదినం అంతకంటె పెద్దది. 50 లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణాలయం ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ నిర్దేశించింది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో ఒక చక్కని నియమం ఉండేది. పనిస్థలానికి చిన్నపిల్లలు అయిదుగురు లేక అంతకంటె ఎక్కువమంది వస్తే, కూలీలలో ఒక స్త్రీని వారిని చూడడానికే నియమించి, ఆమెకు కూలి చెల్లించాలని ఆ చట్టం చెప్పింది. మట్టి తవ్వడం ఎంత పనో, బిడ్డను చూడడం కూడా అంత పనే అని చట్టమే అంగీకరించడం అందులోని విశేషం.

రోడ్డు లేని ఊరిలో పంట పండినా బజారుకు చేరదు. రోడ్డు వేయడాన్ని ఎవరూ దానమనరు. బిడ్డను నిశ్చింతగా విడిచిపెట్టే చోటు కూడా తల్లిని పనికి చేర్చే దారి వంటిదే. ఆ దారికయ్యే ఖర్చు తగ్గించినంత మాత్రాన అది మాయమైపోదు. ప్రభుత్వం ఖాతా నుండి తొలగి, తల్లి ఒడిలోకి చేరుతుంది. బిడ్డను ఎవరు చూడాలన్న ప్రశ్నకు తల్లి ఒక్కతే సమాధానం చెప్పుకోవలసిన సమాజంలో ఆ భారం ఎప్పుడూ ఆమె జీతం నుండే తీరుతుంది.

ప్రశ్నలు

1. నర్సరీ రుసుములో ప్రభుత్వ వాటా 80 శాతం నుండి 70 శాతానికి తగ్గినప్పుడు తల్లి వాటా ఎంత పెరిగింది? ఉదాహరణతో వివరించండి.
2. పసిబిడ్డల సంరక్షణకు ఖర్చు అధికం కావడానికి కారణాలేవి?
3. కోతలను సమర్థించే వాదననూ, దానికి పాఠంలో ఇచ్చిన సమాధానాన్నీ చర్చించండి.
4. ‘సహాయం ఎంత అన్నదానితోపాటు ఎప్పుడు అందుతుందన్నది కూడా ముఖ్యం’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
5. మీ ఊరిలో పనికి పోయే తల్లులు బిడ్డల సంరక్షణకు చేసుకొంటున్న ఏర్పాట్లను తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.